పావురాయి రంగు పెట్ట

మా మామ్మ దగ్గర ఒక చిన్న కత్తెర ఉండేది. జాకెట్లకి దారాలు కత్తిరించుకోవడానికి పూర్ణా మార్కెట్లో కొనుక్కుంది. 2008 సంక్రాంతి తరవాత దాన్ని ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది కోళ్ళ కత్తెర అయిపోయింది.

పొద్దుగూకి కోళ్ళు గూటికి చేరాక మామ్మ అరుగు మీద కూర్చునేది. నేను ఒక్కో కోడినీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాలి. రెక్కలు కొట్టుకోకుండా కొంగు చుట్టి, ఎడమచేత్తో తల పట్టుకుని, కుడిచేత్తో కళ్ళ మీద పడే ఈకల్ని ఒక్కొక్కటే పైకెత్తి చూసేది. ముదిరిన ఈకని కోస్తే గోరు తీసినట్టే, కోడికి ఏమీ తెలియదు. కొత్తగా మొలిచే ఈక అలా కాదు. దాని కాడలో నెత్తురు ఉంటుంది, మొదట్లో ముదురు నీలంగా కనబడుతుంది. దాన్ని కోస్తే నెత్తురు ఓ పట్టాన ఆగదు. అందుకే నన్ను టార్చిలైటు పట్టుకోమనేది. "వెలుతురు ఇటు కొట్టవే పిల్లా, నీలం కాడ తగిలితే నా పాపం కాదు, నీ పాపం" అనేది.

అవి కొప్పుకోళ్ళు. తల మీద ఎర్ర తురాయి ఉండాల్సిన చోట బంతిపువ్వంత ఈకల కొప్పు. మా బాబాయి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. ఆ సంక్రాంతికి వస్తూ కలకత్తాలో ఆదివారం పూట గాలిఫ్ స్ట్రీట్‌లో జరిగే పక్షుల బజారు నుంచి ఒక పుంజుని, రెండు పెట్టల్ని వెదురు బుట్టలో పెట్టి తెచ్చాడు. కంచరపాలెంలో మా పెంకుటింటి పెరట్లో బుట్ట మూత తీసేసరికి వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. నల్ల పుంజు. దాని కొప్పు ఈకలు సన్నగా, పొడుగ్గా, మొహం మీదకి జారుతూ. ఒక నల్ల పెట్ట. ఇంకొకటి నల్లదీ కాదు, తెల్లదీ కాదు. వాన పడే ముందు యారాడ కొండ వెనకాల కమ్మే మబ్బు ఉంటుంది చూడండి, అచ్చం ఆ రంగు. ప్రతి ఈక అంచునా పెన్సిల్‌తో గీసినట్టు కొంచెం ముదురు గీత. పెట్టలిద్దరి కొప్పులూ పుంజు కొప్పులా జారవు, గుండ్రంగా నిలబడతాయి.

"పావురాయి రంగు" అంది మామ్మ. ఆ పేరే ఉండిపోయింది. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని బ్లూ అంటారని నాకు తరవాత తెలిసింది. మామ్మ మాటే ఎక్కువ సరైనదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ జాతిని పోలిష్ అంటారు గానీ వీటికి డచ్చివాళ్ళ దేశంతోనే చుట్టరికం ఎక్కువ. 17వ శతాబ్దం నాటి డచ్ చిత్రకారుల బొమ్మల్లో ఇలాంటి కొప్పుకోళ్ళు కనబడతాయి. మామ్మకి ఆ గొడవ పట్టలేదు. ఆవిడ మొదటిరోజే పావురాయి పెట్ట మొహం ముందు చెయ్యి ఆడించి చూసింది. అది కదల్లేదు. పక్కనుంచి ఆడిస్తే ఉలిక్కిపడి గోడకి గుద్దుకుంది.

"ఓలమ్మ, దీనికి ముందు కనబడదు, పైన అసలే కనబడదు. గద్దొస్తే ఏటి తెలుస్తాది దీనికి? కత్తెర అట్టుకురా."

అదీ మొదలు.

---

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. మర్నాటి నుంచి నా పని కోళ్ళ పనే. తవుడు, నూకలు, చోళ్ళు కలిపి పెట్టడం, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి నాన్న తెచ్చే రొయ్యపొట్టు గుప్పెడు చల్లడం. నీళ్ళ దగ్గర మాత్రం కష్టం వచ్చింది. మట్టిమూకుడులో పోస్తే తాగడానికి వంగినప్పుడల్లా కొప్పు ముందు మునుగుతుంది. తడిసిన కొప్పుకి తవుడు అంటుకుంటుంది, అది ఎండి గడ్డ కడుతుంది, ఆ గడ్డ కంట్లో గుచ్చుకుంటుంది. నెల తిరక్కుండా నల్ల పెట్టకి కుడికన్ను వాచి మూసుకుపోయింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో దూది ముంచి రోజుకి మూడుసార్లు తుడిచేవాళ్ళం. దూది ఆనగానే అది మెడ చాపి, తెరిచిన కన్ను కూడా మూసుకుని, అలా ఉండిపోయేది. తగ్గడానికి పది రోజులు పట్టింది. ఆ తరవాత నాన్న కూల్‌డ్రింక్ సీసాని తలకిందులుగా కట్టి, కింద ముక్కు మాత్రమే పట్టేంత చిన్న గిన్నె పెట్టాడు. కొప్పు తడవడం ఆగింది. కొప్పుకోళ్ళు పెంచాలనుకునేవాళ్ళు ఎవరడిగినా నేను మొట్టమొదట చెప్పేది ఆ నీళ్ళగిన్నె గురించే.

రెండోది పేలు. నాటుకోడికి పేను పడితే రెక్క కిందో తోక మొదట్లోనో కనబడుతుంది. వీటికి కొప్పు లోపల దాక్కుంటుంది. ఈకల్ని పాయలుగా విడదీసి చూస్తే, కాడ మొదట్లో తెల్లగా ఉప్పురవ్వ అంటినట్టు గుడ్లు. పెరట్లో ములగచెట్టు కింద గొయ్యి తవ్వి, పొయ్యి బూడిద, ఇసక, ఎండిన వేపాకు పొడి కలిపి పోసేవాళ్ళం. కోళ్ళు అందులో పడి పొర్లేవి. కానీ అవి వీపు మీద చల్లుకుంటాయి తప్ప తల మీద చల్లుకోలేవు కదా. అందుకని కొప్పులోకి బూడిద మామ్మే వేలితో రుద్దేది, కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టి.

---

కొప్పుకోళ్ళు గుడ్డు పెడతాయి గానీ పొదగవు. తెల్లటి గుడ్లు పెట్టి, వాటి మొహం కూడా చూడకుండా వెళ్ళిపోతాయి. అందుకని మా నాటుపెట్ట పొదుగుకి కూర్చున్నప్పుడల్లా దాని గుడ్లు తీసేసి వీటివి పెట్టేవాళ్ళం. ఇరవై ఒక్క రోజులు. మొదటిసారి ఎనిమిది గుడ్లకి ఆరు పిల్లలొచ్చాయి. తడి ఆరకముందే మామ్మ ఒక్కొక్కదాని నడినెత్తి మీద బొటనవేలు ఆనించి చూసింది. శనగగింజంత బొడిపె తగిలింది.

"ఇది కొప్పుదే" అని పక్కన పెట్టేది. ఈకలు రాకముందే ఎలా చెప్తున్నావంటే, "ఎముకే సెప్తాదే" అంది.

నిజంగానే ఎముకే చెప్తుంది. ఈ జాతికి పుర్రె పైభాగం ఉబ్బి ఉంటుంది, దానికి పూర్తిగా ఎముక మూత పడదు. మెదడు మీద కొంతచోట పొర, చర్మం మాత్రమే ఉంటాయి. అంత సొగసైన కొప్పు కింద అంత మెత్తటి చోటు ఉందన్న సంగతి మాకు చాలా ఖరీదు పెట్టి తెలిసింది. అది తరవాత చెప్తాను.

మొదటి పిల్లల్లో మూడు నల్లవి, మూడు పావురాయి రంగువి. నల్ల పుంజుకీ పావురాయి పెట్టకీ సగం సగం వచ్చాయి. బాగుందనుకున్నాం. మరుసటి ఏడాది ఆ పావురాయి పిల్లల్లో ఒక పుంజుని తల్లితోనే కలిపాం. ఇక అన్నీ మబ్బు రంగే పుడతాయని నా ఆశ. తొమ్మిది గుడ్లకి ఏడు పిల్లలు. రెండు నల్లవి, నాలుగు పావురాయివి, ఒకటి మాసిన తెలుపు. ఆ తెల్లదానికి ఈకలొచ్చేకొద్దీ ఒంటినిండా అక్కడో చుక్క ఇక్కడో చుక్క నీలంగా, సున్నం కొట్టిన గోడ మీద సిరా చిలకరించినట్టు. నాకు ఏడుపొచ్చింది. గుడ్లు మారిపోయాయేమో అనుకున్నాను.

ఆ ఏడాదే ఇంటర్ బైపీసీలో చేరాను. జువాలజీ సార్ బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, ఒక పక్క తల్లిది, ఒక పక్క తండ్రిది రాసి, అసంపూర్ణ బహిర్గతత్వానికి, అంటే రెండు లక్షణాల్లో ఏదీ పూర్తిగా నెగ్గక నడిమి రూపం రావడానికి, ఉదాహరణ అంటూ ఆండలూసియన్ కోడి పేరు చెప్పారు. నల్లదానికీ చుక్కల తెల్లదానికీ పుట్టినవన్నీ బూడిద రంగువే. బూడిద రంగువి రెండిటికి పుట్టినవి ఒక వంతు నలుపు, రెండు వంతులు బూడిద, ఒక వంతు చుక్కల తెలుపు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నా పెరడంతా ఆ నాలుగు గళ్ళలో ఉంది.

ఈ రంగుల వెనక ఉన్నది ఒక జన్యువు. అది చేసే పని ఒక్కటే. నల్ల రంగుని పల్చన చేస్తుంది. ఒక పాలు ఉంటే నలుపు పావురాయి రంగు అవుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాళ్ళు కలిస్తే ఇంకా వెలిసిపోయి తెల్లబడుతుంది. అంటే పావురాయి రంగు అనేది ఎప్పుడూ సగం దారిలో ఉన్న రంగు. దాన్ని దానితోనే కలిపి నిలబెట్టలేం. ఆ గళ్ళకి పన్నెట్ గళ్ళని పేరు. కేంబ్రిడ్జిలో పన్నెట్ స్వయంగా కోళ్ళు పెంచి లెక్కలు కట్టినవాడే. ఆయనతో కలిసి పనిచేసిన బేట్సన్ 1902లోనే కోళ్ళ తురాయిల ఆకారాలు చూసి, మెండెల్ బఠాణీల్లో కనిపెట్టిన లెక్క జంతువులకీ పనిచేస్తుందని చూపించాడు. కోళ్ళగూడు దగ్గర చంకలో పుస్తకం పెట్టుకుని నిలబడ్డ మనుషులు వాళ్ళు కూడా అనుకుంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను.

ఇంటికొచ్చి మామ్మకి బొగ్గుతో నేల మీద గళ్ళు గీసి చూపించాను. ఆవిడ ఓపిగ్గా విని, "అందుకేనా మైలకి మైల కట్టొద్దంటారు పందేలోళ్ళు?" అంది.

ఆ మాట నేను చాలా రోజులు ఆలోచించాను. మన కోడిపందేలవాళ్ళు రంగుని బట్టి కోళ్ళకి పేర్లు పెట్టుకున్నారు. ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ, ఎరుపూ బూడిదా కలిసింది మైల. ఈ పల్చన చేసే జన్యువు నల్ల రంగు మీదే పనిచేస్తుంది, ఎరుపు జోలికి పోదు. అది ఎరుపూ నలుపూ కలిసిన పుంజులో పడితే ఎరుపు ఎరుపుగానే ఉండి, నలుపు ఉన్నచోటల్లా బూడిద అవుతుంది. అదే మైల అని నాకు తోచింది. మా పెరట్లో కలకత్తా నుంచి దిగిన పెట్టా, భీమవరం బరుల్లోని మైల పుంజూ ఒకే రంగు లెక్కలో ఉన్నాయన్నమాట.

మామ్మకి ఇంకో లెక్క కూడా ఉండేది. "తల్లి రంగు కొడుక్కి, తండ్రి రంగు కూతురికి." అన్ని రంగులకీ అది కుదరదు, కొన్నిటికి కుదురుతుంది. మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి అయితే, కోళ్ళలో తల్లి. ఈకల మీద అడ్డగీతలు వేసే జన్యువు ఉండే క్రోమోజోముని పెట్ట తన కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకి ఇవ్వదు. మా ఇంటికి ఎదురింటివాళ్ళ గీతల పెట్టని మా నల్ల పుంజు తొక్కితే వచ్చిన పిల్లల్లో, నెత్తిన తెల్లమచ్చ ఉన్నవన్నీ పుంజులే అయ్యాయి. మచ్చ లేనివన్నీ పెట్టలు. మామ్మ పుట్టిన రోజునే వాటిని రెండు గంపల్లో వేరు చేసేసింది. ఆ పిల్లలకి ఇంకో ముచ్చట. పూర్తి కొప్పు రాలేదు, చిన్న పిలక వచ్చింది. కొప్పు కూడా సగం సగం లెక్కే, ఒక పాలు అందితే పిలక, రెండు అందితే కొప్పు. 2012లో ఒక పరిశోధన వచ్చింది. వీపు చర్మంలో పనిచేయాల్సిన హాక్స్ సి8 అనే జన్యువు ఈ కోళ్ళకి తల చర్మంలో కూడా పనిచేస్తోందట. వీపు మీద పెరగాల్సినంత ఈక నెత్తి మీద పెరుగుతోందన్నమాట. అది చదివిన రోజు మామ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే అది వీపుని నెత్తినెట్టుకు తిరుగుతోందేటే!" అని ఎంతసేపో ఆశ్చర్యపోయింది.

---

2011లో నల్ల పుంజుని చుక్కల తెల్ల పెట్టతో కలిపాను. ఎనిమిది పిల్లలు. ఎనిమిదీ పావురాయి రంగే. లెక్క తెలిసి, కావాలని, ఒక్కటి కూడా తప్పకుండా. కాలేజీ స్నేహితులందర్నీ తీసుకొచ్చి చూపించాను. ఆ ఆనందంలో పడి నేను చెయ్యాల్సిన పని చెయ్యలేదు.

ఆ అక్టోబరులో వానలు. కంచరపాలెం కాలవల పక్కన దోమలు ఎలా ఉంటాయో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. మామ్మ నెల రోజులుగా గూటికి దోమతెర కట్టమని చెప్తూనే ఉంది. రేపు, రేపు అన్నాను. ఒకరోజు పొద్దున్న ఒక పిల్ల ముక్కు పక్కన ఆవగింజంత బొబ్బ. మూడోరోజుకి కనురెప్పల మీద, నోటి మూలల్లో పొక్కులు. కోడి మశూచి. దోమే దాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి మోస్తుంది. నాటుకోడికైతే మొహం బయటికి ఉంటుంది కాబట్టి మొదటి పొక్కే కనబడుతుంది. వీటికి కొప్పు కింద నాలుగు రోజులు దాగుంది. వేపాకు, పసుపు నూరి కొబ్బరినూనెలో కలిపి రాశాం. చెక్కులు కట్టి ఊడిపోయినవి బతికాయి. గొంతులోకి దిగినవి మేత మింగలేకపోయాయి. ఎనిమిదిట్లో నాలుగు పోయాయి. వాటిని ములగచెట్టు అవతల పాతిపెడుతుంటే మామ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం తనే నిచ్చెనేసుకుని దోమతెర కట్టింది. అప్పుడు ఆవిడకి డెబ్బై దాటాయి. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. ఆ నిచ్చెన కర్ర అరిచేతికి ఎలా తగిలిందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తరవాత టీకాలు ఎప్పుడూ తప్పలేదు. వారం పిల్లకి కొక్కెర తెగులుకి లసోటా చుక్క కంట్లో, రెండు నెలలకి ఆర్2బి సూది, మశూచికి రెక్క పొరలో గుచ్చేది. క్యాలెండర్ మీద పండగలతో పాటు అవీ రాసుకునేదాన్ని.

---

పుర్రె సంగతి చెప్తానన్నాను కదా. 2012 వేసవిలో అసలు పావురాయి పెట్ట, కలకత్తా నుంచి వచ్చినదే, మెడ మెలితిప్పుకుని పడిపోయింది. తల వెనక్కి తిరిగి, ముక్కు ఆకాశంలోకి, కాళ్ళు తడబడుతూ. చూసినవాళ్ళంతా కొక్కెర తెగులే అన్నారు. ఆ తెగులుకి మందు లేదు, మెడ తిరగడం దాని గుర్తే. కోసెయ్యండి, లేకపోతే మిగతావి కూడా పోతాయి అన్నారు. టెన్షన్‌తో నాకు అన్నం సహించలేదు.

పశువుల డాక్టరు గారు దాన్ని ముందు చూడలేదు. గూడు చూశారు. మిగతా కోళ్ళు ఎలా ఉన్నాయి? మేత తింటున్నాయా? రెట్ట ఆకుపచ్చగా నీళ్ళలా ఉందా? గురక వస్తోందా? ఏవీ లేవు. అన్నీ హాయిగా ఉన్నాయి, రెట్ట గట్టిగా ఉంది. అప్పుడు ఆయన పెట్ట కొప్పు విడదీశారు. నడినెత్తిన, ఆ మెత్తటి చోట, కమిలిన మచ్చ. కొత్తగా పెద్దదైన పుంజు పొడిచింది. తెగులు కాదు, దెబ్బ.

చీకటిగా ఉన్న వంటింటి మూల అట్టపెట్టెలో గడ్డి పరిచి పెట్టాం. విటమిన్ ఈ గోళీని సూదితో గుచ్చి ఆ నూనె, బి కాంప్లెక్స్ చుక్కలు, రోజూ నోట్లో వేసేవాళ్ళం. అది తనంతట తాను తినలేదు. ముక్కు నేలకి ఆనదు కదా. మామ్మ అన్నం మెత్తగా పిసికి, మినపగింజంత ఉండలు చేసి, ఒక్కోటీ నాలుక వెనకాల పెట్టేది. మింగిందాకా గొంతు మీద వేలు ఆనించి ఉంచేది. దిగిందని వేలికి తెలిశాకే రెండోది. ఇలా మూడు వారాలు. నాలుగో వారం ఒక పొద్దున్న అది పెట్టెలోంచి దిగి, మెడ ఇంకా కొంచెం వంకరగానే, వంటింట్లో పడిన పప్పుగింజని పొడిచింది. మొదటిసారి గురి తప్పింది. రెండోసారి దొరికింది. మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వేసవుల గురించి కూడా చెప్పాలి. విశాఖలో ఎండ కంటే ఉక్కపోత చంపుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు నెత్తుట్లో గుడ్డు పెంకుకి కావలసిన సరుకు తగ్గిపోతుందట. మే నెలలో మా గుడ్ల పెంకులు వేలు నొక్కితే లొత్తపడేవి. ఒకసారి నల్ల పెట్టకి గుడ్డు అడ్డంపడి, తోక వాల్చి, పెంగ్విన్‌లా నిటారుగా నిలబడిపోయింది. గోరువెచ్చటి నీళ్ళ బకెట్లో నడుం దాకా కూర్చోబెట్టి, కింద ఆముదం రాసి, చీకట్లో ఉంచితే గంటన్నరకి పెట్టింది. అప్పట్నుంచి ఆదివారం జాలరిపేట ఒడ్డుకి వెళ్ళి ముత్యపుచిప్పలు, గవ్వలు ఏరుకొచ్చేవాళ్ళం. మంచినీళ్ళలో రెండుసార్లు కడిగి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, రోట్లో నలగ్గొట్టి విడిగా గిన్నెలో పెట్టేవాళ్ళం. ఎంత కావాలో పెట్టకే తెలుసు. గుడ్లు పెట్టే రోజుల్లో గిన్నె ఖాళీ, మానేసిన రోజుల్లో ముట్టుకోదు.

---

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. రాత్రే కోళ్ళన్నిటినీ స్నానాలగదిలోకి తెచ్చేశాం. పద్నాలుగు కోళ్ళు. పొద్దున్న పెంకులు లేచిపోతుంటే మేం కూడా అక్కడికే చేరాం, పైన శ్లాబు ఉన్నది ఆ గది ఒక్కటే. మామ్మ స్టూలు మీద కూర్చుని పావురాయి పెట్టని కొంగులో పెట్టుకుంది. దానికి అప్పటికి ఆరేళ్ళు దాటి, గుడ్లు ఎప్పుడో మానేసింది. గాలి హోరుకి మాట వినబడటం లేదు. మామ్మ అరచెయ్యి దాని కొప్పు మీద మూతలా ఉంది సాయంత్రం దాకా. బయటికొచ్చేసరికి ములగచెట్టు లేదు, గూడు లేదు, దోమతెర పక్కవీధి కరెంటు స్తంభానికి చుట్టుకుని ఉంది.

కోళ్ళు అన్నీ బతికాయి. పావురాయి పెట్ట ఆ శీతాకాలం, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. మామ్మ 2017లో పోయింది. మేం మధురవాడ ఫ్లాట్‌కి మారేటప్పుడు కోళ్ళని పెందుర్తిలో మా బాబాయి కొడుక్కి ఇచ్చేశాం. వాడికి స్థలం ఉంది, ఓపిక ఉంది. వరసగా ఒకే రక్తంలో కలపడం వల్ల పిల్లలు బలహీనంగా పుడుతుంటే, బయటి నుంచి వేరే పుంజుని తెచ్చి కలిపాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అక్కా, ఈసారి ఆరు పిల్లలు. రెండు నలుపు, మూడు పావురాయి, ఒకటి చుక్కలది. పెద్ద పావురాయి పెట్ట మాత్రం ఎందుకో మూల కూర్చుంటోంది, తినడం లేదు."

మామ్మ కత్తెర బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. పెట్టని ఒళ్ళో పెట్టుకుని చూస్తే జబ్బేమీ లేదు. కొప్పు పెరిగి రెండు కళ్ళూ పూర్తిగా మూసేసింది. మేత గిన్నె ఎక్కడుందో దానికి తెలియడం లేదు. వాడు టార్చి పట్టుకున్నాడు. నీలం కాడలు తప్పించి, ముదిరినవే ఒక్కొక్కటీ తీశాను. కింద దింపాను. కాసేపు కదల్లేదు. తరవాత తల పక్కకి వాల్చి ఒక కంటితో పైకి చూసింది. చాలా ఎత్తున, సింహాచలం కొండ వైపు, ఒక గద్ద తిరుగుతోంది. పెట్ట గొంతులోంచి సన్నగా ఒక కూత తీసింది. ఆరు పిల్లలూ నాటుపెట్ట రెక్కల కిందకి పరిగెత్తాయి.